నీటిలో ఎండిన మొక్క

భద్రాచలమున గోదావరి కరకట్టకు రెండు వీధుల యివతల నొక యిల్లు కలదు. ముందు వసారా, నడుమ హాలు, వెనుక పెరడు, పెరటిలో తులసికోట. ఆ యింటి హాలులో, టెలివిజనుకు ప్రక్కన, చిన్న ముక్కాలిపీటపై తెల్లని పింగాణీ కుండీలో నొక మొక్క నిలిచియున్నది. దాని పేరు పీస్ లిల్లీ. ఆ యింటి కుమార్తె శ్రావణమాసమున పైచదువులకై విదేశమునకు పోవుచు, వారము దినములు ముందుగా దానిని కొని తెచ్చి, "అమ్మా, దీన్ని చూస్తే నన్ను చూసినట్టే అనుకో" అని తల్లి చేతిలో పెట్టి పోయెను.

నాలుగు నెలలు ఆ మొక్క నిగనిగలాడెను. ముదురుపచ్చని యాకుల నడుమ రెండు తెల్లని పూవులు తలలెత్తి నిలిచెను. ఐదవ నెలలో, ధనుర్మాసపు చలిలో, ఒకనాటి యుదయమున ఆకులన్నియు ఒక్కసారిగా కుండీ అంచుల మీదుగా క్రిందికి వాలియుండెను. తల్లి గుండె జారినది. ఆమె కది యొక మొక్క వాడుటగా తోచలేదు. సముద్రముల కావల నున్న బిడ్డ కేమైనదో యను దిగులు పట్టినది. ఆ మాట ఫోనులో అడుగలేదు. ఏమి తిన్నావని, ఎప్పుడు పడుకొన్నావని మాత్రము మూడుసార్లు అడిగినది. ప్రక్కయింటి ఇల్లాలు వచ్చి చూచి, "వదినా, ఆకులు వాలాయంటే దానికి దాహం వేస్తున్నట్టే. రెండు పూటలా పొయ్యండి" అని చెప్పినది. నాటి నుండి ఉదయ మొక చెంబు, సాయంకాల మొక చెంబు నీరు ఆ కుండీకి చేరసాగెను. పోసినకొలది ఆకులు వాలెను. వాలినకొలది ఆమె పోసెను.

ఈ కథ ఆ యొక్క యింటిది మాత్రమే కాదు. ఖమ్మము మొదలుకొని కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వరకు, అడవి యంచున నున్న పట్టణములలో ఇంటి లోపల పెంచు మొక్కలపై మక్కువ పెరిగినది. ఒకప్పుడు మొక్క యనగా పెరటిదే. హాలులో నుండునది కాగితపు పూలగుత్తి. ఇప్పుడు గోదావరి దిగువన కడియము, కడియపులంక నర్సరీల నుండి మొక్కలు బండ్ల కెక్కి ఎగువకు వచ్చుచున్నవి. పీస్ లిల్లీ వానిలో నొకటి. ముచ్చటపడి కొనువారెందరో, ఏడాది తిరుగకముందే దానిని చెత్తబండిలో వేయువారు నందరు. వీరిలో అధికులు మొక్కను పట్టించుకొననివారు కారు. మిక్కిలిగా పట్టించుకొన్నవారే.

పేరులో లిల్లీ యున్నను ఇది లిల్లీ జాతిది కాదు. వృక్షశాస్త్రమున దీని పేరు స్పాథిఫిల్లమ్. 1832లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హైన్రిక్ విల్హెల్మ్ షాట్ ఈ పేరు పెట్టెను. పూవును కప్పియుండు డొప్ప ఆకు వలె నుండునని ఆ గ్రీకు మాటల భావము. భావము సరియైనదే, మనము పూవని మురియునది నిజమునకు పూవు కాదు, తెల్లబారిన యొక యాకు. దాని నడుమ మొక్కజొన్న పొత్తు చిన్నదైనట్లుండు కంకిపై గింజలవలె కనబడునవి అసలు పూవులు. కొన్ని వారములకు ఆ తెల్లని డొప్ప పచ్చబారును. అదేదో తెగులని భయపడువారు కలరు. తెగులు కాదు; ఆకు తిరిగి ఆకైనది, అంతియే. ఇండ్లలో పెరుగు రకములకు మూలమైన వానిలో నొకదానికి వాలిస్ పేరు చేరినది. గుస్టావ్ వాలిస్ జర్మనీ దేశస్థుడు. దక్షిణ అమెరికా అడవులలో సంవత్సరముల తరబడి తిరిగి ఐరోపా తోటలకు క్రొత్త మొక్కలు పంపి, 1878లో ఈక్వడారు దేశమున రోగగ్రస్తుడై మరణించెను. ఎవరి వసారాలనో అలంకరించుటకు ఎంతటి ప్రయాస!

పరదేశపు మొక్కయైనను దీనికి మన వంటింటిలో దాయాదులున్నారు. కంద, చేమ ఈ కుటుంబమునకే చెందినవి. కంద తరుగునప్పుడు చేయి దురద పెట్టుటకు, ఉడుకని చేమదుంప గొంతు పట్టుటకు కారణమైన సూదులవంటి స్ఫటికములే పీస్ లిల్లీ ఆకులోను ఉన్నవి. కందబచ్చలి కూరలో చింతపండు పులుసు తప్పనిసరిగా చేర్చు గోదావరివారి యాచారము ఈ దురదను అణచుటకే. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిదే కనుక ఆ కూర ఇచటి వంటిండ్లకు క్రొత్త కాదు. పసిపిల్లలు, పిల్లులు, కుక్కలు ఈ ఆకును కొరికినచో నోరు మండి, పెదవులు వాచి యేడ్చును. అందుచేత ప్రాకు బిడ్డలున్న యింట దీనిని ఎత్తుగా నుంచవలయును.

దాయాదులైనను నడవడి మాత్రము వేరు. కంద గడుసుది. తేమ తగ్గిన ఋతువున ఆకు రాల్చి, భూమిలో దుంపగా దాగి నిద్రించి, తొలకరి చినుకునకు లేచును. పీస్ లిల్లీకి అట్టి దుంప లేదు, అట్టి నిద్రయు లేదు. అది పుట్టినది ఉష్ణమండలపు సతతహరితారణ్యములలో, మహావృక్షముల నీడన, వాగుల యొడ్డున. ఆ యడవి యేడాది పొడుగున తడిగా నుండును, ఎన్నడును ఆకు రాల్చి ఆకాశమునకు దారి యీయదు. భద్రాద్రి చుట్టునున్న అడవి అట్టిది కాదు. టేకు, తునికి, ఇప్ప, నల్లమద్ది చెట్లు ఎండాకాలమునకు ఆకు రాల్చి నిలుచును. నీడ మిక్కిలి కావలసిన దినములలోనే నీడ లేని యడవి యిది. కిన్నెరసాని వంటి వాగుల యొడ్డున, చెట్లు గుబురుగా ఉన్నచోట నిలుచున్నవారికి పీస్ లిల్లీ పుట్టినిల్లు ఎట్టిదో కొంత ఊహకు రాగలదు.

వాగు నొడ్డున పుట్టిన మొక్క నీటికి చచ్చుట యేమి యని ప్రశ్న రావచ్చును. అంతకన్న గట్టి ప్రశ్నయు కలదు: కొందరు దీనిని గాజుసీసాలో నీటనే పెంచుచున్నారు గదా, అది అందు బ్రతుకుచున్నది గదా! సమాధానము వేరులో నున్నది. వేరు నీరు త్రాగుట మాత్రమే కాదు, గాలి పీల్చవలయును. ప్రాణవాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో నీటిలో వ్యాపించు వేగము దాదాపు పదివేల రెట్లు తక్కువ. అడవి నేలపై రాలిన యాకులు, కుళ్లిన పుల్లలు కలిసిన పైపొర బూరుగుదూదివలె బొరలుబొరలుగా ఉండును. ఎంత వాన పడినను నీరు దిగిపోయి గాలి మిగులును. సీసాలోని నీరు నిలువనీరైనను తేటనీరు. వారమున కొకసారి మార్చెదరు, అందు కుళ్లుటకు మట్టి లేదు, అచట పుట్టిన వేళ్లు ఆ స్థితికి అలవడి పుట్టును. కుండీలోని బురద యట్టిది కాదు. మట్టిరేణువుల నడుమ నున్న సందులన్నిటిని నీరు ఆక్రమించును. అందున్న సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును కాజేయును. మట్టికి అలవడిన వేరు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేరుపై బూజు జాతులు దండెత్తును. సిలిండ్రోక్లాడియం అను శిలీంధ్ర మొకటి ఈ మొక్క వేళ్లకు ప్రత్యేక శత్రువు.

ఇక ఆకుల మాట. ఆకు నిటారుగా నిలుచుటకు లోపల ఎముక లేదు. కణములలో నిండిన నీటి యొత్తిడియే దానికి వెన్నెముక. నీరందక ఆ యొత్తిడి తగ్గిన క్షణమున ఆకు వాలును. నీరు లేక వేరు త్రాగలేకపోయినను వాలును, నీరుండి వేరు చచ్చి త్రాగలేకపోయినను వాలును. పైన చూచువారికి రెండును ఒక్కటే. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. దాహముతో వాలిన మొక్కకు నీరు పోసినచో కొన్ని గంటలలో లేచి నిలుచును. ఆ యద్భుతము నొకసారి చూచిన గృహిణి మరల వాలినపుడు మరల నీరే పోయును. మొదటిసారి ఫలించిన మందు రెండవసారి విషమగునని ఆమె కెవరు చెప్పిరి?

ఆ యింటి చెంబు కథ మరియొకటి కలదు. ఉదయమున స్నానము చేసి తులసికోటకు చెంబెడు నీరు పోయుట ఆ తల్లి నిత్యకృత్యము. బిడ్డ యిచ్చిన మొక్క హాలులోనికి వచ్చిన నాటి నుండి అదే చెంబుతో దానికిని పోయుట అలవాటైనది. తులసి పెరటిలో, ఎర్రని యెండలో, గాలిలో నున్నది. పోసిన నీటిని మధ్యాహ్నమునకే త్రాగి ఆవిరి చేయగలదు, మిగిలినది కోట అడుగున ఇంకిపోవును. పీస్ లిల్లీ హాలు మూలన, వెలుతురు చాలని చోట నున్నది. వెలుతురు తక్కువైనచో ఆకు పని తగ్గును, పని తగ్గినచో దాహము తగ్గును. పుష్యమాసపు చలిలో మరియును తగ్గును. అట్టి మొక్కకు దినమున కొక చెంబే యెక్కువ. రెండు చెంబులు పడుచున్నవి.

ఆ యింటిపనికి వచ్చు స్త్రీ గోదావరి కావల బూర్గంపాడు వైపు గ్రామమునుండి వచ్చినది. ఆమె పుట్టింటివారు మిరప వేయుదురు. ఖమ్మము మిరపకు పెట్టినది పేరు; దాని కష్టసుఖములు ఆ ప్రాంతపు పల్లెలలో పిల్లలకు సైతము తెలియును. ఒకనాడు నేల తుడుచుచు ఆమె ముక్కాలిపీటను జరిపినపుడు కుండీనుండి కుళ్లు వాసన వచ్చినది. ఆమె వ్రేలు మట్టిలో గ్రుచ్చి, తీసి వాసన చూచినది.

"అమ్మా, దీనికి దాహం కాదు, జాలు పట్టింది. వానలు ఆగకుండా పడ్డ ఏడు మా మిరప చేను ఇట్లనే వాలిపోద్ది. చేలో నీళ్లుంటయి, మొక్క ఎండిపోద్ది."

"నీళ్లలో ఉండి ఎండటమేంటమ్మా?"

"వేరు చస్తే తాగేదెవరమ్మా?"

ఇద్దరును కలిసి కుండీని పెరటిలోనికి మోసికొని పోయిరి. పింగాణీ కుండీకి అడుగున రంధ్రమే లేదు. లోపల నర్సరీవారి నల్లని ప్లాస్టిక్ కుండీ అట్లే యున్నది. అది నాలుగు వ్రేళ్ల లోతు నల్లనీటిలో కూర్చుండియున్నది. ఇండ్లలో ఈ మొక్కల చావునకు ముఖ్యకారణము నడిగినచో తెగులు కాదు, పురుగు కాదు, ఈ అందమైన పైకుండీయే యని చెప్పవలయును. లోపలి కుండీకి రంధ్రములున్నవి గదా యని యజమాని ధీమా. ఆ రంధ్రములనుండి జారిన నీరు పోవుటకు మాత్రము చోటు లేదు.

మొక్కను పెల్లతో సహా బయటికి తీసి, కుళాయి క్రింద మెల్లగా కడుగగా వేళ్ల స్థితి బయటపడెను. ప్రాణమున్న వేరు తెల్లగా గాని లేతగోధుమరంగున గాని యుండి, నొక్కినచో గట్టిగా తగులును. చచ్చిన వేరు నల్లబడి, మెత్తబడి, పట్టిలాగినచో పైతొక్క జారిపోయి లోపల దారమువంటి నార మిగులును. ఆ మొక్కకు పిడికెడు వేళ్లు మాత్రమే బ్రతికియుండెను. తల్లి వానిని చూచి, ఇంతకాలము తానేమి చేసినది గ్రహించి, తులసికోట మెట్టుపై కూర్చుండిపోయెను. పనిచేయు నామెయే కత్తి తెచ్చినది.

ఇచ్చట నొక పూర్వగ్రంథమును స్మరింపవలసియున్నది. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేద మను నధ్యాయము కలదు. చలి, గాలి, ఎండ యను మూటివలన చెట్టుకు రోగము కలిగి ఆకులు పాలిపోవునని అందు చెప్పబడినది. చికిత్సాక్రమము గమనింపదగినది: మొదట శస్త్రముతో శుద్ధి చేయవలయును, పిదప వాయువిడంగములు, నేయి, బురద కలిపిన లేపము పూయవలయును, ఆ తరువాతనే పాలు కలిసిన నీటితో తడుపవలయును. నేటి పీస్ లిల్లీకి నేయి అక్కరలేదు, పాలు పోసినచో చీమలు మూగును. వరుస మాత్రము నేటికిని సరియైనదే. కత్తి ముందు, నీరు చివర. సురపాలుని వృక్షాయుర్వేదము 1996లో సికిందరాబాదు నుండి ఆంగ్లానువాదముతో వెలువడినది. ఆ గ్రంథము చెట్లకును వాతపిత్తకఫముల భేదము చెప్పి, రోగము తెలిసిన మీదటనే వైద్యమునకు దిగును. ఒకే లక్షణమునకు రెండు విరుద్ధకారణములు ఉండగలవను ఎరుక మన పూర్వులకు లేకపోలేదు. చెంబు పట్టుకొన్న తొందరలో మరచుచున్నాము.

కత్తిని మరుగునీటిలో గాని స్పిరిటుతో గాని శుభ్రము చేసి, మెత్తబడిన వేళ్లనన్నిటిని తెల్లని భాగము కనబడువరకు కోయవలయును. సగము కుళ్లినదానిని జాలిపడి విడిచినచో మిగిలిన సగమునకు కుళ్లు ప్రాకును. వేళ్లు తగ్గినపుడు ఆకులును తగ్గవలయును. పిడికెడు వేళ్లు ఇరువది యాకులకు నీరు మోయలేవు. పసుపుబారినవానిని, పాతవానిని మొదలంట కోసి, నడుమనున్న లేతయాకులను నిలుపవలయును. పూవున్నచో దానిని కూడ తీసివేయుట మేలు. ఆ తల్లి అన్నిటికి నొప్పుకొన్నది గాని మిగిలిన యొక్క పూవును కోయుటకు మాత్రము చేయి రాలేదు. దానిని ఆ రెండవ స్త్రీయే కోసి, గాజుగ్లాసులో నీరు పోసి దేవుని గూటిలో నుంచినది.

ఇక మట్టి. భద్రాచలమువారికి గోదావరి ఒండ్రు మీద నమ్మక మెక్కువ, ఉండవలసినదే. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు గోదావరి ఇచట పొంగినది. వరద తీసిన తరువాత ఇండ్లలో, వీధులలో పేరుకొను నల్లని మెత్తని బురదను తట్టలతో ఎత్తిపోసినవారు, దానిలోనే మరుసటి పంట ఏపుగా పెరుగుటను చూచినవారు. అట్టి బంగారమును తెచ్చి కుండీలో నింపుట సహజము. కాని పొలములో మేలుచేసిన ఒండ్రు కుండీలో కీడుచేయును. పొలమున నేల లోతు అనంతము. వానపాములు, పాతవేళ్ల సొరంగములు గాలికి దారులు తీయును, నీరు క్రిందికి పోవుచునే యుండును. కుండీలోతు జానెడు. ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును: తడిబట్టను పైకెత్తి పట్టుకొన్నచో నీరు కొంత కారి ఆగిపోవును, కాని క్రింది యంచున కొంత తడి వ్రేలాడుచునే యుండును. కుండీ అడుగునను అదే జరుగును. మట్టి ఎంత మెత్తనిదైన ఆ తడిపొర అంత ఎత్తు నిలుచును. ఒండ్రులోను, రేగడిలోను అది వేళ్ల మొదళ్లవరకు లేచును. అడుగున కంకర పరచినచో నీరు పోవునని పలువురు నమ్ముదురు. పోదు, తడిపొర కంకరకు పైన చేరి వేళ్లకు మరింత దగ్గరగును.

కావలసినది అడవి పైపొరవంటి వదులైన మన్ను. అడవి దగ్గరనే యున్నది గదా యని సంచి పట్టుకొని బయలుదేరరాదు. 1927 నాటి భారతీయ అటవీచట్టము పైమట్టిని సైతము అటవీ ఉత్పత్తులలో చేర్చినది. చట్టము మాట యట్లుంచి, ఏటేట ఆకు రాల్చి అడవి తనకై కూడబెట్టుకొన్న సొత్తు అది. పెరటిలోని వేప, జామ, మామిడి ఆకులను ఒక గుంటలో పోసి తడిపి, ఆరేడు నెలలు మాగనిచ్చినచో అదియే వచ్చును. మాగిన యాకుఎరువు ఒక పాలు, కడిగి పిండిన కొబ్బరిపొట్టు ఒక పాలు, ముతక ఇసుక గాని చిదిపిన ఇటుకముక్కలు గాని బొగ్గుముక్కలు గాని ఒక పాలు కలిపినచో చాలును. చారెడు చెల్కమన్ను చేర్చినను తప్పులేదు. పిడికిట పట్టి నొక్కి విడిచినచో ముద్ద విచ్చిపోవలయును. విచ్చనిచో ఇసుక చాలలేదన్నమాట. మిగిలిన వేళ్లకు చాలినంత చిన్నకుండీ తీసికొనవలయును. పాపము, ఇరుకుగా నుండునేమో యని పెద్దకుండీలో నాటినచో వేళ్లందని మట్టియంతయు తడిసి పులియును.

ఆ తల్లి నాటిన తరువాత ఒక్కసారి నిండుగా నీరు పోసి, అడుగున కారిపోవువరకు నిలిచి చూచి, కుండీని తూర్పుకిటికీ ప్రక్కన పలుచని తెరచాటున నుంచినది. తరువాత చేయవలసినది ఏమియు లేదు. అన్నిటికన్న కష్టమైనది అదియే. మొదటి వారమున ఆకులు మరింత వాలెను. రెండవ వారమున నొకటి పసుపుబారెను. ప్రక్కయింటి వదినగారు ఎరువుపొట్లము తెచ్చియిచ్చినది. అదృష్టవశమున దానిని వాడలేదు; పుండువలె నున్న వేళ్లకు ఎరువు ఉప్పు చల్లినట్లగును, క్రొత్తయాకులు రెండు వచ్చువరకు దాని పేరెత్తరాదు. మూడవ వారము గడచుచుండగా, మొదలు నడుమనుండి తమలపాకు చుట్టి నిలిపినట్లు సన్నని లేతపచ్చని మొన యొకటి పైకి వచ్చినది. శివరాత్రికి అది విచ్చి, అరచేయి వెడల్పున నిలిచినది. ఆ రాత్రి ఫోనులో తల్లి జరిగినదంతయు బిడ్డకు చెప్పినది. తనకు పట్టిన దిగులు సంగతి తప్ప.

వేసవి వేరొక పరీక్ష. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలములలో మే మాసమున వేడిమి 45 డిగ్రీలు దాటు దినము లున్నవి. చలికాలమున అధికమైన నీరు ఇప్పుడు చాలకపోవును. నర్సరీ మొక్కలు తరచు కొబ్బరిపొట్టులోనే నాటబడి వచ్చును. ఆ పొట్టు పూర్తిగా ఎండినచో ముడుచుకొని కుండీగోడను విడిచిపోవును, పోసిన నీరు ఆ సందునుండి జారి అడుగున కారిపోవును. క్రింద నీరు వచ్చినది గదా యని తృప్తిపడుదురు. లోపలి పెల్ల రాయివలె పొడిగా నుండును. అట్టి కుండీని బక్కెటునీటిలో అరగంటసేపు దించి, బుడగలు వచ్చుట ఆగిన మీదట తీసి, నీరోడ్చి నిలుపవలయును. దాహమో జాలో తెలిసికొనుటకు సులభమైన యుపాయము కుండీని చేతితో ఎత్తి చూచుట. నీరు పోసిన వెంటనే ఎంత బరువున్నదో, ఆకు వాలునపుడు ఎంత తేలికగా నున్నదో రెండుసార్లు ఎత్తినచో చేయి నేర్చుకొనును. వాలియుండి తేలికగా నున్నచో దాహము. వాలియుండి బరువుగా నున్నచో చెంబు క్రింద పెట్టవలసినదే. పడమటి కిటికీ ఎండ, వడగాలి, ఏసీ గాలి సూటిగా తగులరాదు. ఆకుకొనలు గోధుమరంగున మాడుచున్నచో నీటిలోని లవణముల పని. బోరునీరు వాడు ఇండ్లలో కుండీ యంచున తెల్లని సున్నపుపొరయు కనబడును. కుళాయినీటిని ఒక రాత్రి నిలువనుంచినచో క్లోరిన్ కొంత పోవును గాని సున్నము పోదు. వాననీరు పట్టి దాచుకొనుట ఉత్తమము.

శ్రీరామనవమికి భద్రాచలమున ఏ యిల్లు ఖాళీగా నుండును? కల్యాణము చూడవచ్చిన చుట్టములతో ఆ యింటి హాలు నిండినది. వచ్చిన ప్రతివారును మొక్కను చూచి ముచ్చటపడి, త్రాగగా మిగిలిన గ్లాసునీరు అందులో వంపబోయిరి. ఒక పెద్దాయన టీ గ్లాసు కడిగిన నీటిని పోసియే విడిచెను. తల్లి ఆ సాయంకాలమే కుండీని పడకగదికి మార్చి తలుపు వేసినది. చుట్టములలో నొకరు, ఈ మొక్క గదిలోని విషవాయువులన్నియు పీల్చివేయునని అమెరికావారు తేల్చిరని గట్టిగా వాదించిరి. 1989లో నాసా శాస్త్రజ్ఞులు మూసిన చిన్న గదులలో చేసిన ప్రయోగములందు ఈ మొక్కయు నుండుట నిజమే. కాని 2019లో అట్టి ప్రయోగముల ఫలితములను సమీక్షించినవారు, కిటికీల గుండ గాలి మారుటవలన కలుగు మేలు మొక్కలవలన కలుగవలెనన్నచో చదరపు మీటరునకు పదినుండి వేయివరకు మొక్కలుండవలెనని లెక్క తేల్చిరి. అన్ని మొక్కల నడుమ మనుష్యుడు పరుండుటకు చోటుండదు. గాలికొరకు కిటికీ తెరచుటయే సులభము.

పూవు ఎప్పుడు పూయునని కుమార్తె ప్రతివారము అడుగుచున్నది. అంగడిలో మొక్కను పూవుతో చూచి కొన్నవారికి ఇంట అది పూయకపోవుట యొక నిరాశ. దానికిని కారణమున్నది. నర్సరీలవారు అమ్మకపువేళకు అన్ని మొక్కలు ఒక్కసారి పూయుటకై జిబ్బరెలిక్ ఆమ్లమను హార్మోను చల్లుట వాడుక. అట్లు పూచినది మొక్క స్వేచ్ఛగా పూచిన పూవు కాదు. ఇంట అది తనంతట తాను పూయవలెనన్నచో, ఎండ సూటిగా పడకుండ మంచి వెలుతురుండవలయును, వేరు కుండీని నింపుకొనవలయును, కొన్ని నెలలు గడవవలయును. హాలు మూలన టెలివిజను ప్రక్కన అది ఎన్నటికిని జరుగదు. కిటికీ ప్రక్కన జరుగవచ్చును.

జ్యేష్ఠమాసమునకు ఆ మొక్కకు ఏడు ఆకులున్నవి. పాతవాని వలె పెద్దవి కావు, కొనలు రెండింటికి మాడినవి, నిటారుగా మాత్రము నిలిచినవి. పింగాణీ కుండీలో ఇప్పుడు గరిటెలు, అట్లకాడలు ఉన్నవి. ఉదయమున తల్లి స్నానము చేసి, చెంబుతో పెరటికి పోవుచు దారిలో కిటికీయొద్ద ఆగును. చెంబును ఎడమచేతికి మార్చి, కుడిచేతితో కుండీని కొంచెము పైకెత్తి, బరువు చూచి, మరల దించును. చాల దినములలో అంతియే. చెంబెడు నీరును తులసికోటకు పోవును.